బిగపట్టు గారి చావుల లెక్క

బిగపట్టు గారికి ఒకే ఒక్క అలవాటు. ముందురోజు సాయంత్రం తాను ఎన్నిసార్లు చచ్చిందీ ఎదుటివాళ్ళకు చెప్పందే ఆయన పని మొదలుపెట్టరు. ఏ బ్యాంకులోనో, బడిలోనో అయితే దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. ఆయన పనిచేసేది ఆసుపత్రిలో.

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో, నడవా చివర, ఎక్స్‌రే గది. అక్కడ ఇరవై ఆరేళ్ళుగా ఆయన మనుషుల్ని చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి, తాను అద్దం వెనక్కి వెళ్ళి, "ఊపిరి బిగపట్టండి" అంటూ వచ్చారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో భద్రంగా మిగిలిపోయింది. జనం నోట మాత్రం ఆయన బిగపట్టు గారు.

రోగి వణుకుతూ వచ్చి ముక్కాలి పీట మీద కూర్చుంటాడు. బిగపట్టు గారు సీసపు ఏప్రాన్ తొడుక్కుంటూ, వాతావరణం సంగతి చెబుతున్నట్టుగా అంటారు:

"భయపడకండి. నిన్న సాయంత్రం నేను పదహారుసార్లు చచ్చాను. ఏమీ కాలేదు."

రోగి ఆయన వంక చూస్తాడు. తలుపు వంక చూస్తాడు. తలుపు దూరంగా ఉందని తేలాక మళ్ళీ ఆయన వంకే చూస్తాడు. "పదహారుసార్లా?" అంటాడు. ఆ అడగడంలో తాను ఎందుకొచ్చాడో కాసేపు మరిచిపోతాడు. ఈలోపు ఫోటో అయిపోతుంది.

విషయం తెలిసినవాళ్ళకు ఇందులో భయం లేదు. ఆయన చచ్చేది టీవీకి తగిలించుకుని ఆడుకునే ఒక ఆటలో. ప్రళయం వచ్చి, తన పని చూసుకుని వెళ్ళిపోయాక మిగిలిన పట్నం అది. సగం మేడలు సముద్రంలో ఉంటాయి, మిగతా సగం నాచులో. మనుషులు దాదాపు లేరు. యంత్రాలు మాత్రం, యజమానులు పోయారన్న కబురు అందక, ఇంకా డ్యూటీ చేస్తూ ఉంటాయి. వీధులూడ్చే యంత్రం వీధి లేకపోయినా ఊడుస్తుంది. టికెట్లు చూసే యంత్రం రైలు లేకపోయినా టికెట్ అడుగుతుంది. లేదంటే తల తీసేస్తుంది. వీటి మధ్య ఒక వీరుడు. తలమీద టోపీ, మోకాళ్ళు దాటిన ముదురు నీలం కోటు, మెడకు ఎర్ర మఫ్లరు, చేతిలో సన్నటి కత్తి. అతను చటుక్కున తిరిగితే కోటు అంచు ఒక్క క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం బిగపట్టు గారు పదకొండేళ్ళుగా అదే ఆట ఆడుతున్నారు. ఈ మధ్యకాలంలో ప్రపంచంలో మరి కొన్ని ఆటలు వచ్చాయని ఎవరో చెబితే, "అలాగా, మంచిది" అన్నారు, దూరపు చుట్టాలింట్లో బిడ్డ పుట్టిందని విన్నట్టు.

వారానికోసారి భోజనం వేళకు ఆయన చెల్లెలు ఫోన్ చేస్తుంది. ఆవిడ గొంతు ఫోన్‌లో పట్టదు. నడవా అంతా వినిపిస్తుంది.

"అన్నయ్యా, ఇంకా ఆ పాడుబడ్డ ఊళ్ళోనే తిరుగుతున్నావా?"

"అవునమ్మా."

"ఎవరైనా కనిపించారా?"

"ఈ వారం ఎవరూ లేరు."

"మరెందుకు అక్కడ? మా ఇంటికి రావచ్చుగా నాలుగు రోజులు?"

"వస్తాను. అక్కడ వానాకాలం నడుస్తోంది. రేకుల మీద చప్పుడు బాగుంటుందమ్మా."

"నీతో వాదించలేను, ఇదిగో మీ బావగారు మాట్లాడతారట," అంటుంది చెల్లెలు. బావగారు "ఆరోగ్యం?" అని అడిగి, జవాబు వినకుండా, "సంతోషం" అని పెట్టేస్తారు.

ఈ సంభాషణలన్నీ వినే భాగ్యం టైపిస్టమ్మది. ఎక్స్‌రే గదికీ ఆవిడ బల్లకూ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. అందులోంచి చీటీలు ఇటొస్తాయి, రిపోర్టులు అటెళ్తాయి. మాటలు రెండువైపులా వెళ్తాయి. ఆవిడ మూడేళ్ళ కిందట బదిలీ మీద వచ్చింది. వచ్చిన ఏడాదికి, కలిసి ఉంటున్న అక్క పోయింది. అప్పటి నుంచీ రెండు గదుల వాటాలో ఒక్కతే. శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి మెట్లు దిగితే, సోమవారం పొద్దున మళ్ళీ ఎక్కేదాకా ఆవిడతో మాట్లాడే మనిషి ఉండడు. సోమవారం మొదటి మాట గొంతులోంచి జీరగా, తుప్పు రాల్చుకుంటూ వచ్చేది. ఆ మొదటి మాట ప్రతివారమూ బిగపట్టు గారితోనే.

"టైపిస్టమ్మ గారూ, నిన్న ఇరవై రెండు."

"పాపం," అనేది ఆవిడ జీరగా. వారం అక్కడ మొదలయ్యేది.

కానీ ఆవిడ రికార్డుల మనిషి. ఒకే విషయానికి రెండు అంకెలుంటే ఆవిడకు అన్నం సహించదు. ఒకరోజు కిటికీలో తల పెట్టి నిలదీసింది.

"ఏమండీ, తొమ్మిదింటికి వేలు చితికిన అబ్బాయితో రెండుసార్లు చచ్చానన్నారు. పదింటికి ఆ పెద్దాయనతో పదిహేడన్నారు. మధ్యలో ఇంటికెళ్ళి చచ్చొచ్చారా?"

"లేదండీ. కొన్ని తరవాత గుర్తొచ్చాయి."

"చచ్చిన సంగతి కూడా మరిచిపోతారా?"

"అలవాటైపోతుంది కదండీ."

ఆవిడకు ఇది నచ్చలేదు. అప్పటికే తన మనశ్శాంతి కోసం రోజువారీ రిజిస్టరు అంచున, రోగి వరుస సంఖ్య పక్కనే, బిగపట్టు గారు చెప్పిన అంకెను పెన్సిల్‌తో వేసుకుంటూ ఉండేది. ఏ అంకె ఎందుకో తెలియకపోయినా, వేసిపెట్టడం ధర్మం. ఆ రోజు నుంచి ఇంకాస్త నొక్కి వేయసాగింది.

ఇలా ఉండగా ఫిర్యాదు వచ్చింది. పంపినవారు ఒక రోగి గారి అల్లుడు. "మా మామగారి పక్కటెముకలను చిత్రీకరించు వ్యక్తి, తాను క్రితం సాయంత్రము పంతొమ్మిది పర్యాయములు మరణించితినని స్వయముగా ప్రకటించెను. మామగారు నవ్విరి. వారు నవ్వుట మా కుటుంబములో ఇదే ప్రథమము. ఇట్టి పరిణామమునకు ఆసుపత్రి యాజమాన్యమే బాధ్యత వహించవలెను."

కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఆయనకు ఈ లోకంలో రెండంటే ప్రాణం: నిశ్శబ్దం, ప్రతి కాగితానికీ మూడు నకళ్ళు. విచారణకు ఆదేశించారు. విచారణ సంఘంలో తాను, మేట్రన్ గారు. నమోదు చేయడానికి టైపిస్టమ్మ. నేరం రుజువైతే బిగపట్టు గారిని నేలమాళిగలో పాత ఫిల్ముల గదికి పంపాలని ముందే అనుకున్నారు.

ఆ కబురు టైపిస్టమ్మే కిటికీలోంచి చెప్పింది. "అక్కడ పని తక్కువేనండీ," అని కూడా అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పని తక్కువే. మనుషులే లేరు."

"మీరు రోజూ తిరిగే ఊళ్ళోనూ లేరు కదా?"

బిగపట్టు గారు చేతిలోని చీటీ కింద పెట్టారు. "అక్కడ ఎవరో ఒకరు ఎదురవుతారని తిరుగుతానండీ. నెలకొకరైనా తగులుతారు. ఊరంతా పోయింది కదా, కనిపించిన ఒక్కడితో ఎంతసేపైనా మాట్లాడాలనిపిస్తుంది. ఫిల్ముల గదిలో తిరగడానికి చోటు కూడా లేదు. బీరువాలే."

ఆయన స్థానంలోకి రాబోయే మనిషి రోజుకు నాలుగు మాటలు మాట్లాడతాడని, అందులో మూడు "ఊఁ" అని టైపిస్టమ్మ అప్పటికే వాకబు చేసి ఉంది.

విచారణ పదకొండు గంటలకు సమావేశపు గదిలో మొదలైంది.

"మీరు చనిపోయినట్టు రోగులతో అన్నారా?" సూపరింటెండెంటు గారు అడిగారు.

"అన్నానండీ."

"ఎన్నిసార్లు?"

"అనడమా, చావడమా?"

సూపరింటెండెంటు గారు కలం కింద పెట్టారు. మేట్రన్ గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అదంతా ఆటలో అంటున్నారు. ఆట అనడానికి రుజువేమిటి? మీకే ఏదైనా... మానసికంగా..."

"తెస్తానండీ, రుజువు."

మర్నాడు బిగపట్టు గారు తువ్వాలు చుట్టిన యంత్రాన్ని, పసిబిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు, గుడ్డసంచిలో పెట్టుకుని తెచ్చారు. సమావేశపు గది గోడ టీవీకి తగిలించారు. చేతులు కడుక్కోవాలని బోధించే చిత్రాలు తప్ప ఎరగని ఆ తెరమీద, మునిగిపోయిన పట్నం మెల్లగా తేలింది. వాన పడుతోంది. ఎక్కడో ఖాళీ మేడలోంచి సంగీతం. ముగ్గురూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

"ఎంత బాగుంది," అన్నారు మేట్రన్ గారు. వెంటనే, "అయ్యో, వెనక! వెనక వస్తోంది చూడండి!"

"టికెట్ యంత్రమండీ. చూశాను."

అది పది అడుగుల చెయ్యి చాచింది. వీరుడు పక్కకు జరిగాడు. అది దూకింది. వీరుడు దాని భుజం మీద కాలు పెట్టి అవతల దిగాడు. నిమిషన్నరలో అది ముక్కలైంది. వీరుడి కోటు మీద మరక లేదు. మేట్రన్ గారు చప్పట్లు కొట్టి, సూపరింటెండెంటు గారి ముఖం చూసి, దోమను కొట్టినట్టు సర్దుకున్నారు.

"సరే. ఇప్పుడు చావండి," అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఆఁ?"

"రుజువు కోసం. ఒకసారి చచ్చి చూపించండి."

బిగపట్టు గారు ప్రయత్నించారు. వీధులూడ్చే యంత్రానికి ఎదురెళ్ళారు. చివరి క్షణంలో వేళ్ళు కదిలాయి, వీరుడు తప్పుకున్నాడు. మేడ మీది నుంచి దూకారు. గాలిలో కత్తిని గోడకు గుచ్చి వేలాడారు. చెమటలు పట్టాయి.

"క్షమించండి. పదకొండేళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే తప్పించేస్తోంది."

"మరి రోజుకు పదహారుసార్లు, ఇరవైసార్లు ఎలా చచ్చారు?"

బిగపట్టు గారు నుదుటి చెమట తుడుచుకున్నారు. మేట్రన్ గారు తెర మూల చూపించి, "అదేమిటి, చిట్టాలా ఉంది?" అన్నారు. అది నొక్కక తప్పలేదు. ఆటగాడి వివరాలు తెరమీద పరుచుకున్నాయి. ఆడిన కాలం: ఆరువేల రెండు వందల పన్నెండు గంటలు. మొత్తం మరణాలు: తొమ్మిది.

"తొమ్మిదా?" అంది టైపిస్టమ్మ. నమోదు చేసేవాళ్ళు మాట్లాడకూడదన్న నియమం ఆవిడకు గుర్తులేదు. "పదకొండేళ్ళకి?"

"మొదటి వారంలోనే ఏడండీ," అన్నారు బిగపట్టు గారు నేల చూపులతో. "ఒకటి కరెంటు ఎక్కువై తక్కువైనప్పుడు. ఇంకొకటి మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు."

సూపరింటెండెంటు గారు నిటారుగా కూర్చున్నారు. ఇప్పుడు కేసు చాలా స్పష్టంగా ఉంది. నిన్నటిదాకా బిగపట్టు గారి నేరం చచ్చానని చెప్పడం. ఇవాళ్టి నుంచి, చావకుండా చెప్పడం. అసత్య ప్రకటన, అదీ డ్యూటీలో, ఏప్రాన్ తొడుక్కుని. "ఎన్ని అబద్ధాలు చెప్పారో లెక్క ఎక్కడైనా ఉందా?" అన్నారు.

టైపిస్టమ్మ చెవులు ఎర్రబడ్డాయి. లెక్క ఉంది. మూడేళ్ళ లెక్క, తన దస్తూరీలో. దాచడం ఆవిడ జన్మలో చేయలేని పని. లేచి వెళ్ళి రిజిస్టర్లు తెచ్చింది.

మేట్రన్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని అంచున వేలు పెట్టి చదవసాగారు. "చిటికెన వేలు: రెండు. మడమ బెణుకు: మూడు. మోకాలు: నాలుగు. ఛాతీ, మూడువారాల దగ్గు: పదిహేను. ఛాతీ, మళ్ళీ రమ్మన్నారు: ఇరవై నాలుగు..." ఆవిడ వేలు ఆగింది. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. ముప్ఫై ఏళ్ళుగా నర్సు ఆవిడ. ఎవరికి ఎంత భయమో దూరం నుంచే చెప్పగలరు. "ఏమయ్యా," అన్నారు నెమ్మదిగా, "భయాన్ని బట్టి చస్తున్నావా నువ్వు?"

బిగపట్టు గారు తువ్వాలు మడత పెట్టారు. మళ్ళీ విప్పారు. "వణికితే ఫోటో మసకబారుతుందండీ. మళ్ళీ తీయాలి. వాళ్ళకంటే ఎక్కువసార్లు దెబ్బతిన్నవాడొకడు ఎదురుగా నిలబడి ఏప్రాన్ కట్టుకుంటుంటే, కాస్త ధైర్యంగా ఉంటారు."

"మరి ఇదేమిటి?" మేట్రన్ గారు ఒక పాత పేజీ మీదకు వంగారు. "ముప్ఫై ఎనిమిది. అన్నిటికంటే ఎక్కువ. పక్కన రోగి సంఖ్యే లేదే. ఆ ఉదయం ఎవరూ రాలేదా?"

ఎవరూ రాలేదు. ఎక్స్‌రే యంత్రం మరమ్మతులో ఉంది. టైపిస్టమ్మకు ఆ తేదీ చూడనక్కర్లేదు. అక్క పోయాక తాను తిరిగి డ్యూటీలో చేరిన రోజు. బల్ల ముందు కూర్చుని, కాగితం ఎక్కించి, ఒక్క అక్షరం కొట్టకుండా గంటసేపు ఉండిపోయింది. అప్పుడు కిటికీలోంచి ఒక తల లోపలికి వచ్చి, "నిన్న ముప్ఫై ఎనిమిదిసార్లండీ," అంది. "అన్నిసార్లు ఎలాగండీ?" అని అడిగింది తాను. తొమ్మిది రోజుల్లో తాను నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆయన మధ్యాహ్నందాకా, ఒక్కొక్క చావే, వరుసలో చెప్పారు. పదిహేనోది వంతెన మీద. ఇరవయ్యోది మెట్లు జారి. అంత వివరంగా, ఒక్కటీ జరగకుండా.

ఆవిడ బిగపట్టు గారి వంక చూసింది. ఆయన టీవీ తీగను చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నారు.

"అది నా అంకెండీ," అంది మేట్రన్ గారితో, మామూలు గొంతుతోనే. తరవాత టైపు యంత్రంలో కాగితం వంకరగా ఎక్కిందని దాన్ని తీసి, మళ్ళీ వంకరగానే ఎక్కించింది.

సూపరింటెండెంటు గారు ఇరకాటంలో పడ్డారు. మనిషి మంచివాడని తేలింది. కానీ మంచితనానికి నమూనా ఫారం లేదు. అసత్యానికి ఉంది. గంటసేపు ఆలోచించి ఆర్డరు చెప్పారు. టైపిస్టమ్మ మూడు నకళ్ళు కొట్టింది. "ఎక్స్‌రే విభాగమున రోగులతో ప్రస్తావించబడు మరణములన్నియు ఇకపై వాస్తవముగా సంభవించినవై ఉండవలెను. ఉల్లంఘించినచో పాత ఫిల్ముల గది. సదరు ఆట యంత్రము, విచారణ ఫైలు మూయువరకు, సాక్ష్యముగా కార్యాలయ బీరువాలో ఉండవలెను. తాళము టైపిస్టు వద్ద."

మొదటి మూడు రోజులు బిగపట్టు గారు నిజమే చెప్పారు. "నిన్న నేను ఒక్కసారి కూడా చావలేదండీ," అని రోగికి విన్నవించుకున్నారు. ఈ వార్త ఎవరికీ ఊరట కలిగించలేదు. జనం పలక ముందు ఆకుల్లా వణికారు. అంతకుముందు వారానికి ఒక ఫిల్ము మళ్ళీ తీయాల్సి వచ్చేది. ఇప్పుడు రోజుకు అయిదు. సాయంత్రం అయిదింటికి ఆయన ఇంటికి వెళ్ళడానికి లేచి, ఇంట్లో ఆ ఊరు లేదని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చునేవారు.

నాలుగో రోజు సాయంత్రం టైపిస్టమ్మ తాళంచెవి పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"రండి. నాకు నేర్పండి."

"మీకా? ఎందుకండీ?"

"ఆర్డరు నేనే కొట్టాను కదా. అందులో మరణాలు నిజం కావాలనే ఉంది. ఎవరు చావాలో లేదు."

సమావేశపు గదిలో మేట్రన్ గారు అప్పటికే కుర్చీ వేసుకుని ఉన్నారు. టైపిస్టమ్మ మీటలున్న పలకను రెండు చేతులా పళ్ళెంలా పట్టుకుని, ఒక మీట నొక్కింది. వీరుడు హుందాగా ముందుకు నడిచి సముద్రంలో పడిపోయాడు.

"ఒకటి," అన్నారు మేట్రన్ గారు.

రెండోసారి మెట్లు కనబడలేదు. మూడోసారి మెట్లు కనబడ్డాయి, వీధులూడ్చే యంత్రం కనబడలేదు. నాలుగోసారి అన్నీ కనబడ్డాయి గానీ, కత్తి మీట అనుకుని వేరేది నొక్కితే వీరుడు టోపీ తీసి యంత్రానికి నమస్కరించాడు. గంటలో ఇరవై ఏడు. బిగపట్టు గారు కుర్చీ అంచుకు జరిగి చూస్తున్నారు.

"పదకొండేళ్ళలో ఇలాంటి ప్రతిభ చూడలేదండీ," అన్నారు చివరకు.

మర్నాడు దగ్గుతో వచ్చిన ఒక ముసలావిడ పీట మీద బిగుసుకుపోయి కూర్చుంది. బిగపట్టు గారు ఏప్రాన్ కట్టుకుంటూ, "భయపడకండమ్మా. మా టైపిస్టమ్మ గారు నిన్న ఇరవై ఏడుసార్లు పోయారు. అదిగో, కిటికీలో రిపోర్టులు కొట్టుకుంటున్నారు చూడండి," అన్నారు. టైపిస్టమ్మ చెయ్యి ఎత్తి ఊపింది. ముసలావిడ ఎగాదిగా చూసి, "మనిషి బాగానే ఉందే!" అని నవ్వింది. ఫోటో అద్దంలా వచ్చింది. సూపరింటెండెంటు గారు తన ఆర్డరును మూడు నకళ్ళలోనూ చదివి, ఎక్కడా తప్పు దొరక్క, ఆ దారిన నడవడం తగ్గించుకున్నారు.

విచారణ ఫైలు ఇంకా మూయలేదు. ఎప్పుడు అడిగినా టైపిస్టమ్మ ఏదో ఒక జతపరచాల్సిన కాగితం మిగిలి ఉందంటుంది. రోజూ అయిదు నుంచి ఆరున్నర దాకా సాక్ష్యాన్ని పరిశీలిస్తుంది. బిగపట్టు గారు పక్కన కూర్చుని దారి చెబుతారు. శనివారం మధ్యాహ్నం కూడా పరిశీలన ఉంటుంది.

చిక్కల్లా, మనిషికి ఎంత చేతకాకపోయినా రోజూ చేస్తే ఎంతో కొంత వస్తుంది. మొన్న సాయంత్రం ఆవిడ ఎవరి చేతికీ చిక్కకుండా పట్నం దాటేసి, ఒక పాత లైట్‌హౌస్ మెట్లు ఎక్కి, పై అంచున నిలబడింది. కింద సముద్రం. పొద్దు గుంకుతోంది. నీళ్ళలోంచి మేడల కప్పులు దీవుల్లా కనిపిస్తున్నాయి. యంత్రాలేవీ లేవు.

"ఇక్కడ ఏం చేయాలండీ?" అంది ఆవిడ.

"ఏమీ లేదు. ఇక్కడ ఊరికే చూడటమే." ఆయన గొంతు తగ్గించారు. "నేను రోజూ ఇక్కడికొచ్చి కూర్చునేవాణ్ణి."

ఇద్దరూ చూశారు. కాసేపటికి బిగపట్టు గారికి డ్యూటీ గుర్తొచ్చింది. కుర్చీలో కదిలారు.

"ఇవాళ ఎన్నయ్యాయండీ?"

"నాలుగు."

"నాలుగా! రేపు ఛాతీ కేసులు ఆరున్నాయండీ. అందులో ఇద్దరు మళ్ళీ రమ్మన్నవాళ్ళు. మీరిలా బతుక్కుంటూ పోతే నేను వాళ్ళకేం చెప్పాలి?"

"ఉండండీ, కంగారుపడకండి," అంది టైపిస్టమ్మ, తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "ఇంకొక్క అయిదు నిమిషాలు చూడనివ్వండి. తరవాత తీరిగ్గా చస్తాను."